సంఖ్యను బట్టి చిరునామా తెలిసికొనుట

బరంపురం పట్టుచీర మగ్గం దిగి, మడత పడి, కొన్నవారి గుమ్మం చేరవలెనన్నచో మూటపై ఒక చిరునామా ఉండవలెను. ఇంతవరకు అందరికీ తెలిసినదే. అయితే ఈ మధ్య చిరునామా ఉండవలసిన చోట ఏదో ఒక సంఖ్య వచ్చి కూర్చుంటున్నది. కొనుగోలుదారు పంపిన ఆర్డరులో ఒక సంఖ్య, సర్కారు జాబితాలో మరొకటి, ఇంటి కుర్రవాడు ఫోనులో పటము తెరచి పంపినదానిలో ఇంకొకటి. అవి చూచి ఊరు పేరు, పోస్టాఫీసు, జిల్లా రాబట్టుట ఎట్లు? పాత్రపూర్ ప్రాంతపు తెలుగు నేత కుటుంబములలో చదువుకొన్న పిల్లలు లెక్కలన్నీ కంప్యూటరులోనే వ్రాస్తున్నారు గనుక, ఆ పద్ధతిని ఇక్కడ కొంచెము వివరముగా చెప్పదలచినాము. ఇది కుర్రకారు పని, మనకెందుకని పెద్దలు పుట త్రిప్పివేయవద్దని మనవి. చిరునామా తప్పినచో నష్టపడునది సరకుగలవారే గదా.

ముందు పేరు సంగతి చూతము. మన పాత్రపూర్‌ను ఒడియాలో పాత్రపుర అందురు. తెలుగు నోట అది పాత్రపురం కావడం సహజము. ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా వ్రాయుదురు. పైగా ఒడిశాలో ఈ పేరుగల ఊరు ఇదొక్కటే కాదు. బరంపురం సంగతి ఇంకను చిక్కు. రైలు స్టేషను బోర్డుపై బ్రహ్మపూర్, పాత కాగితములలో బెర్హంపూర్, మన నోట బరంపురం. పశ్చిమ బెంగాలులో ముర్షిదాబాదు జిల్లా కేంద్రమునకు కూడ ఇంగ్లీషులో ఇంచుమించు ఇదే పేరు. అచ్చట కూడ పట్టుపనియే ప్రసిద్ధి! పట్టునూలు మూటపై బెర్హంపూర్ అని మాత్రమే వ్రాసి ఊరుకొన్నచో దానికి రెండు గమ్యములు కుదురును. 760001 అని ఉన్నచో గంజాం జిల్లా, 742101 అని ఉన్నచో ముర్షిదాబాదు. ఇక్కడ ఆరంకెలు పేరుకన్న మిన్నగా పనిచేస్తున్నవి.

ఆ ఆరంకెల పద్ధతి, అనగా పిన్‌కోడు, 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చినది. తంతి తపాలా శాఖలో పెద్ద ఉద్యోగియైన శ్రీరామ్ భికాజీ వెలంకర్ దానిని రూపొందించినారు. వేర్వేరు భాషలలో, వేర్వేరు వ్రాతలతో, ఒకే పేరుగల ఊళ్లకు వచ్చు ఉత్తరములను వేరుచేయలేక తపాలావారు పడుతున్న బాధయే దానికి కారణము. మొదటి అంకె మండలమును, మొదటి మూడు అంకెలు కలసి ఉత్తరములు వేరుచేయు జిల్లాను, చివరి మూడు పంచిపెట్టు పోస్టాఫీసును తెలుపును. బరంపురం పట్టణమునకు 760, చుట్టుపట్ల గంజాం పల్లెలకు 761. కొద్ది కోసుల దూరములో ఇచ్ఛాపురం చేరగానే సంఖ్య 532తో మొదలగును. అనగా 7వ మండలము విడిచి 5వ మండలములో అడుగుపెట్టినట్లే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు గంజాం మద్రాసు రాజధానిలోనిదే. సరిహద్దుకు ఇరువైపుల ఇచ్చిపుచ్చుకొను మన కుటుంబములకు ఈ 5, 7 తేడా పెండ్లి శుభలేఖలు పంపునప్పుడు బాగుగా తెలియును.

పిన్‌కోడు ఇల్లు కాదని మాత్రము మరువరాదు. అది పంచిపెట్టు పోస్టాఫీసు సంఖ్య. ఒక్క సంఖ్య క్రింద ఎన్నో పల్లెలు ఉండవచ్చును. ఇంటిని చూపుటకు వేరే సంఖ్యలు వచ్చినవి. వాటి గురించియే ఇప్పుడు చెప్పవలసినది.

లెక్కకట్టు సంఖ్య, వెదకు సంఖ్య

నూలు కట్టపై 40 నంబరు అని ఉన్నది. ఆ నంబరును ఏ పుస్తకములోను వెదకనక్కరలేదు. 840 గజముల చిలపలు ఎన్ని కలిసి ఒక పౌను తూగునో అదే దాని నంబరు. త్రాసు, గజంబద్ద ఉన్నచో ఎవరైనను తేల్చుకొనవచ్చును. సంఘములో సభ్యత్వపు నంబరు అటువంటిది కాదు. 112వ నంబరు సభ్యుడెవరో ఆ అంకెలను ఎంత తిరగవేసినను తెలియదు. సభ్యుల పుస్తకము తెరువవలెను. పుస్తకము పోయినచో నంబరు వట్టిది.

చోటును తెలుపు సంఖ్యలు కూడ ఇట్లే రెండు జాతులు. మన చేతికి వచ్చినది ఏ జాతిదో ముందు తెలియనిదే కంప్యూటరు ముందు కూర్చుండుట దండుగ. చాలమంది పిల్లలు ఈ విచారణ లేకుండ, ఏ సంఖ్య వచ్చినను వెదకుడు పెట్టెలో పడవేసి, వచ్చిన మొదటి జవాబును వ్రాసికొంటున్నారు. అది పని కాదు.

మొదటి జాతికి మంచి ఉదాహరణ డిజిపిన్. తపాలా శాఖవారు, హైదరాబాదు ఐఐటీ, ఇస్రోకు చెందిన జాతీయ దూరగ్రాహక కేంద్రమువారు కలిసి తయారుచేసిన ఈ పది గుర్తుల సంఖ్యను తెలిసికొను వెబ్ ద్వారమును 2025 మే 27న తెరచినారు. దీనిలో రహస్యమేమియు లేదు. భారతదేశమంతయు ఇముడునట్లు ఉత్తర అక్షాంశము 2.5 డిగ్రీలనుంచి 38.5 వరకు, తూర్పు రేఖాంశము 63.5 నుంచి 99.5 వరకు ఒక చదరము గీచినారు. దానిని నిలువున నాలుగు, అడ్డమున నాలుగు పాళ్లుచేసి పదహారు గళ్లు పెట్టినారు. గడి గడికి ఒక అంకెయో ఇంగ్లీషు అక్షరమో గుర్తు. మన చోటు పడిన గడిని మరల పదహారు గళ్లు, దానిలో మరల పదహారు, ఇట్లు పదిసార్లు. పడుగు పేకల మధ్య గడి చిన్నదగుచు పోయినట్లు చివరకు సుమారు నాలుగు మీటర్ల గడి మిగులును.

మన ప్రాంతమునకే కట్టి చూతము. బరంపురం సుమారు 19.31 అక్షాంశము, 84.79 రేఖాంశము మీద ఉన్నది. మొదటి విభజనలో అది పడిన గడికి గుర్తు 5. రెండవదానిలో సి. మూడవదానిలో 4. ఈ 5సి4 గడి ఉత్తర దక్షిణముగా 18.8125 నుంచి 19.375 వరకు, తూర్పు పడమరగా 84.3125 నుంచి 84.875 వరకు, అనగా వైపుకు సుమారు 60 కిలోమీటర్లు. పాత్రపూర్ అందులోనే, చికిటి అందులోనే. సరిహద్దు దాటిన ఇచ్ఛాపురం, సోంపేట కూడ అందులోనే! 1936లో గీచిన గీత డిజిపిన్‌కు కనబడదు. కాని బరంపురం దాపుననే ఉన్న గోపాల్‌పూర్ సముద్రతీరము 84.875 దాటిపోయినందున 5సి5 గడిలోనిది. కావున గుర్తులు కలిసినంత మాత్రమున ఊరు ఒకటని గాని, కలియనంత మాత్రమున ఊరు దూరమని గాని అనుకొనరాదు. గడి అంచున ఉన్నవారికి ఇది తరచు తటస్థపడును.

ఇంతకు చెప్పవచ్చినదేమనగా, డిజిపిన్ వచ్చినచో దానిని విప్పుటకు ఇంటర్నెట్టు అక్కరలేదు, ఎవరి అనుమతి అక్కరలేదు. విప్పు పద్ధతిని తపాలా శాఖవారు కంప్యూటరు భాషలో వ్రాసి బహిరంగముగా ఉంచినారు. దానిని దింపుకొన్న పిల్లవాడు ఒక్క ఆజ్ఞతో అక్షాంశ రేఖాంశములు రాబట్టగలడు. సరిగా పనిచేయుచున్నదో లేదో చూచుకొనుటకు ఢిల్లీలోని డాక్ భవన్ సంఖ్యను, అనగా 39జె–49ఎల్–ఎల్8టి4ను, విప్పి చూడవచ్చును. 28.62, 77.21 దగ్గరకు వచ్చినచో పనిముట్టు మంచిదే. మన సంఖ్య 5సి4తో మొదలుకాక మరొకదానితో మొదలైనచో, పంపినవారు వ్రాతలో తప్పు చేసియుండవచ్చును, లేదా వారు ఈ ప్రాంతములో నిలబడి తీయలేదన్నమాట.

అయితే విప్పగా వచ్చునది చోటు మాత్రమే. వీధి పేరు రాదు, ఇంటిపేరు రాదు, పోస్టాఫీసు రాదు. డిజిపిన్‌లో ఎవరి వివరములును దాచియుండవు. అది దాని సుగుణము కూడ.

ఇంకొక మాట. గడి నాలుగు మీటర్లది గాని, ఫోను చూపు చోటు అంత నిక్కచ్చి కాదు. ఆకాశము బాగుగా కనబడుచోట నిలబడినను మంచి ఫోను సుమారు 5 మీటర్ల తేడా చూపవచ్చును. గోడల మధ్య ఇంకను ఎక్కువ. మన నేతవీధులలో ఇండ్లు గోడకు గోడ ఆనుకొని, వెడల్పు తక్కువగా, పొడవు ఎక్కువగా ఉండును. మగ్గపుగదిలో కూర్చొని తీసిన డిజిపిన్ పక్కింటిది కావడమునకు ఎంతసేపు? కావున వీధి అరుగు దిగి, ఆకాశము క్రింద నిలబడి, ఒక నిమిషము ఆగి, పటములో నీలిచుక్క కదలుట మానిన తరువాత తీయవలెను. అట్లు తీసినను, ప్రక్కన "రామమందిరమునకు ఎదురు, మూడవ ఇల్లు" వంటి మాట ఒకటి వ్రాసియుంచుట మేలు. పోస్టుమాను అంకెలకన్న ఆ మాటనే ముందు చదువును.

రిజిస్టరులో వెదకు విధము

ఇక రెండవ జాతి. వీనిలో ముఖ్యమైనది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ప్రపంచ పటపు సంఖ్య. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ పటమును జీతములేని వాలంటీర్లు గీచుచున్నారు, ఎవరైనను వాడుకొనవచ్చును. అందులో ప్రతి వస్తువునకు ఒక అక్షరము, ఒక సంఖ్య. ఎన్ అనగా ఒక చుక్క: బావి, గుడి, ఊరి నడిబొడ్డు వంటిది. డబ్ల్యు అనగా ఒక గీత: వీధి గాని, కట్టడపు గోడల చుట్టుకొలత గాని. ఆర్ అనగా అట్టివానిని కలిపిన సమూహము: జిల్లా ఎల్లలవంటిది. అక్షరము విడిచి సంఖ్య మాత్రమే పంపినవారి కాగితమును వెనుకకు పంపుడు. ఒకే సంఖ్య ఎన్‌లో ఒక చోట, డబ్ల్యులో మరొక దేశములో ఉండును.

ఈ సంఖ్యలనుంచి చిరునామా తెచ్చు యంత్రము పేరు నామినాటిమ్. లాటిన్ భాషలో "పేరు పేరున" అని అర్థము. దానిని అడుగుటకు కర్ల్ అను చిన్న పనిముట్టు చాలును. స్వీడన్ దేశస్థుడు డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఆ పేరున విడుదల చేసినది. 2018 నుంచి విండోస్ కంప్యూటరులతో అది తయారుగానే వచ్చుచున్నది గనుక కొననక్కరలేదు. తెరపై బొమ్మలను నొక్కుటకు బదులు ఆజ్ఞను అక్షరములలో వ్రాసి ఎంటరు నొక్కుటయే కమాండ్ లైన్. నల్లతెర చూచి జంకవలసినది లేదు. ఆసుపోసిన చేతికి ఇదెంత?

ఆజ్ఞ కూర్పు ఇట్లుండును. వ్రాయునది ఇంగ్లీషు లిపిలో. ఇక్కడ పలుకుబడి మాత్రము ఇస్తున్నాము. ముందు కర్ల్ అను మాట. తరువాత ఖాళీ విడిచి, హైఫన్, పెద్ద ఏ, ఆపైన కొటేషన్ గుర్తులలో మీ సంఘము పేరు, ఈమెయిలు. అడుగుచున్నది ఎవరో చెప్పుకొనుట ఆ సర్వరువారి నియమము. తరువాత మరల కొటేషన్ గుర్తులు తెరచి, నామినాటిమ్ డాట్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డాట్ ఆర్గ్ అను చిరునామా, దాని చివర ఏటవాలు గీత, లుకప్ అను మాట, ప్రశ్నార్థకము. ఆపైన ఓఎస్‌ఎమ్ అండర్‌స్కోర్ ఐడీస్ అని వ్రాసి, సమానపు గుర్తు పెట్టి, మీ సంఖ్యలను అక్షరముతో సహా కామాలతో వేరుచేసి వరుసగా వ్రాయవలెను. తరువాత ఆంపర్‌సాండ్ గుర్తు పెట్టి ఫార్మాట్ సమానము జేసన్‌వి2. తెలుగు పేర్లు కావలెనన్నచో మరొక ఆంపర్‌సాండ్, యాక్సెప్ట్ హైఫన్ లాంగ్వేజ్ సమానము టిఇ. కొటేషన్ మూసి ఎంటరు నొక్కవలెను. కొటేషన్ గుర్తులు మరచినచో ఆంపర్‌సాండ్ దగ్గర ఆజ్ఞ పోగువలె పుటుక్కున తెగును; కంప్యూటరు మొదటి ముక్కను మాత్రమే తీసికొనును. పిల్లలు మొదట తడబడునది ఇక్కడనే.

ఒక్క ఆజ్ఞలో 50 సంఖ్యల వరకు అడుగవచ్చును. రెండువందలమంది సభ్యుల జాబితా ఉన్న కార్యదర్శికి నాలుగు ఆజ్ఞలు చాలును. ఒక సెకనుకు ఒకటికన్న మించి అడుగరాదు. అది ధర్మమున నడచు సర్వరు, విరాళములమీద నడచునది. వేలకొలది వెదకవలసిన పెద్ద సంస్థలు నామినాటిమ్‌ను తమ కంప్యూటరులోనే నెలకొల్పుకొనవచ్చును. అప్పుడు నామినాటిమ్ లుకప్ అని వ్రాసి, ఐడీ అను గుర్తుతో సంఖ్య ఇచ్చినచో నెట్టు లేకుండగనే జవాబు వచ్చును.

జవాబులో ఏమి వచ్చును? ఒక్కొక్క సంఖ్యకు ఒక నమోదు: వస్తువు పేరు, అక్షాంశ రేఖాంశములు, వీధి, ఊరు, తాలూకా, జిల్లా, రాష్ట్రము, పిన్‌కోడు, దేశము. పట్టణములలో ఇంటినంబరు కూడ రావచ్చును. మన పల్లెలకు ఇంటినంబరు తరచు రాదు. అక్కడ ఎవరును పటములో గీయలేదు గనుక రాదు. యంత్రము లోపము కాదు. ఊరుపేరు వరకు వచ్చి ఆగిపోయిన నమోదును పూర్తి చిరునామాగా భావించి మూటపై అంటించుట పొరపాటు. పిన్‌కోడు కూడ చాలచోట్ల పటములో వ్రాసియుండదు. అట్టిచోట యంత్రము ఇరుగుపొరుగు వస్తువులనుబట్టి ఊహించి చెప్పును. ఒడిశా ఆంధ్ర సరిహద్దు పల్లెలకు ఇట్టి ఊహ ఎంత నమ్మదగినదో మీరే ఆలోచించుడు. పిన్‌ను తపాలావారి పట్టికతోనే సరిచూడవలెను.

ఆ పట్టిక భారత ప్రభుత్వపు బహిరంగ దత్తాంశముల వెబ్ పుటలో ఉచితముగా దొరుకును. దేశములోని లక్షన్నరకు పైబడిన పోస్టాఫీసుల పేర్లు, పిన్‌లు, జిల్లాలు అందులో వరుసగా ఉన్నవి. ఒకసారి దింపుకొని, గ్రెప్ అను పనిముట్టుకు ఊరిపేరు ఇచ్చినచో, ఆ పేరున్న వరుసలన్నిటిని తీసి చూపును. పాత్రపూర్ అని ఇచ్చి చూడుడు. వచ్చిన వరుసలలో గంజాం అను మాట ఉన్నదే మనది.

కొన్నిసార్లు ఒక సంఖ్యకు జవాబే రాదు. తప్పు చూపదు, మౌనముగా విడిచిపెట్టును. 50 అడిగినచో 47 వచ్చుట కలదు. ఎవరో పటములో ఆ చుక్కను తీసివేసి కట్టడముగా మార్చి గీచియుందురు; పాత సంఖ్య చచ్చినది. అడిగినవెన్ని, వచ్చినవెన్ని అని లెక్కపెట్టుకొననిచో ముగ్గురు సభ్యులు జాబితానుంచి చప్పుడు లేకుండ జారిపోవుదురు. కండెలు ఇచ్చునపుడు, తీసికొనునపుడు లెక్కపెట్టు అలవాటు ఇక్కడను ఉండవలెను.

ఇంతకన్న మోసకరమైనది ఇంకొకటి. నామినాటిమ్ జవాబులో ప్లేస్ ఐడీ అని ఒక సంఖ్య కూడ కనబడును. చూచుటకు ముచ్చటగా ఉన్నదని దానిని వ్రాసిపెట్టుకొనరాదు. అది ఆ యంత్రపు సొంత వరుససంఖ్య, రేషను దుకాణములో ఆనాటికిచ్చిన టోకెనువంటిది. యంత్రపు దత్తాంశములను మరల ఎక్కించినపుడు అదే సంఖ్య వేరొక ఊరికి పోవచ్చును. గూగులు వారికి కూడ ప్లేస్ ఐడీ అనునది వేరే కలదు. అది అంకెలు అక్షరములు కలిసిన పొడుగాటి మాట. పేరు ఒకటే గాని ఒకదానితో ఒకటి సంబంధము లేదు. గూగులుదానిని వెదకుటకు తాళపుచెవివంటి గుర్తింపు కావలెను, పరిమితి దాటినచో రుసుము ఉన్నది. ఏడాది దాటిన సంఖ్యను మరల సరిచూచుకొనుడని వారే చెప్పుచున్నారు.

చుక్క ఇచ్చి చిరునామా అడుగు పద్ధతి కూడ నామినాటిమ్‌లో కలదు. లుకప్ బదులు రివర్స్ అని వ్రాసి, అక్షాంశ రేఖాంశములు ఇచ్చినచో చాలును. డిజిపిన్ విప్పగా వచ్చినవానిని ఇక్కడ ఉపయోగించుకొనవచ్చును. కాని అది ఇచ్చునది ఆ చుక్కకు దగ్గరలో పటములో గీచియున్న వస్తువు చిరునామా మాత్రమే. మన వీధి గీయనిచో ఊరవతల పెద్దరోడ్డు పేరు చెప్పి ఊరుకొనును.

ఏ సంఖ్య దేనిది?

ఇంతవరకు పనిముట్టు సంగతి. అసలు చిక్కు ఇప్పుడు వచ్చును. నేత కుటుంబము చుట్టు తిరుగు సంఖ్యలు అనేకము. ఒక్కొక్కటి ఒక్కొక్క వస్తువును అంటిపెట్టుకొనియున్నది. 2019–20లో జరిగిన నాల్గవ అఖిల భారత చేనేత గణనలో 35 లక్షలకు పైగా పనివారిని లెక్కించినారు. ఆ గణనను ఆధారము చేసికొని ఇచ్చు పెహచాన్ కార్డు సంఖ్య మనిషిది. తెలంగాణలో 2017 నుంచి మగ్గములకు జియోట్యాగు చేసి ఇచ్చిన సంఖ్య మగ్గముది. డిజిపిన్ నేలది. పిన్ పోస్టాఫీసుది. పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖవారి స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలోని సంఖ్య గ్రామముది. అందులో ఒడిశా రాష్ట్ర సంఖ్య 21, ఆంధ్రప్రదేశ్ 28, తెలంగాణ 36. ఒకదానిని చూపి మరొకదానిని అడుగరాదు.

గంజాం జిల్లానుంచి సూరత్ పవర్‌లూముల పనికి పెద్దసంఖ్యలో జనము పోవుట తెలిసిన విషయమే. మన కుటుంబములలో ఒక అన్న పాత్రపూర్‌లో ఉండి, తమ్ముడు సూరత్ పోయినాడనుకొందము. తమ్ముని పెహచాన్ సంఖ్య అతనితోనే పోవును. ఇంటి డిజిపిన్ మాత్రము ఇక్కడనే నిలుచును. ఇల్లు కూలినను నిలుచును. మగ్గము అన్నగారి వసారాలోకి మారినచో, మగ్గపు సంఖ్యకు వ్రాసిన చిరునామా పాతబడును. ఇప్పుడు ఎవరో జాబితాలోని చోటు సంఖ్యను వెదకి, చిరునామా రాబట్టి, "ఈ ఇంటిలో మగ్గము లేదు" అని వ్రాసికొని పోయినచో? సంఖ్య తప్పు కాదు, వెదకినవాడు తప్పు వెదకలేదు, పనిముట్టు సరిగానే పనిచేసినది. అయినను మగ్గము నడుపుచున్న అన్నగారికి రావలసిన సహాయము చిక్కున పడును. అందుచేత సంఘపు పుస్తకములో ప్రతి సంఖ్యకు ఎదుట అది మనిషిదో, మగ్గముదో, ఇంటిదో వ్రాయవలెను; ఏ తేదీన వెదకి చిరునామా వ్రాసికొన్నారో కూడ వ్రాయవలెను. తేదీ లేని చిరునామాను నమ్ముట మాకు ఇష్టము లేదు.

ఇక గుట్టు సంగతి. ఒట్టి ఓఎస్‌ఎమ్ సంఖ్యలను బయటి సర్వరుకు పంపి అడిగినచో ఎవరి గుట్టును బయటపడదు. అవి వీధుల, కట్టడముల సంఖ్యలే. కాని సభ్యుని పేరు, ఫోను, ఇంటి చుక్క మూడును ఒకే పట్టికలో పెట్టి, ఎవరో చెప్పిన ఉచిత వెబ్‌సైటులో ఎక్కించి, "అన్నిటికి చిరునామాలు తెచ్చిపెట్టు" అనుట వేరు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము ఇటువంటి వివరములను గురించినదే. ఇండ్లలో ఆడవారు ఒంటరిగా మగ్గము నేయు కుటుంబములు ఎన్నో కలవు. వారి గుమ్మము ఎక్కడో ఊరూపేరూ లేని వారికి ఎందుకు తెలియవలెను? పేర్లు ఒక పుస్తకములో, చోటు సంఖ్యలు వేరొక పుస్తకములో, రెంటిని కలుపు సభ్యత్వపు నంబరు కార్యదర్శి చేతిలో ఉండవలెను. బయటకు పంపునపుడు రెండవ పుస్తకము మాత్రమే.

బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. కొన్నవారు చీరెతోపాటు ఎక్కడ నేసినదో కూడ అడుగుచున్నారు. ఫోడా కుంభ అంచు చూచి ఊరు చెప్పగలవారు మన పెద్దలలో ఉన్నారు. కొనువారిలో అందరు లేరు. మూటపై పంపువారి చిరునామా వ్రాయునపుడు ముందు సభ్యుని పేరు, తరువాత గుడియో బావియో చెప్పు గుర్తుమాట, ఊరు, పోస్టాఫీసు, పాత్రపూర్ తాలూకా, గంజాం జిల్లా, ఒడిశా, పిన్, చివర బ్రాకెట్టులో డిజిపిన్. తెలుగులో వ్రాసినచో ఊరు, జిల్లా ఒడియాలో గాని ఇంగ్లీషులో గాని మరల వ్రాయవలెను. ఇచ్ఛాపురం, సోంపేట వైపు బంధువుల ఇంటినుంచి పార్సెలు కట్టి పంపువారు తమ పిన్ కాక, కట్టిన చోటి పిన్ వేయవలెను. లేనిచో తిరిగివచ్చు మూట సరిహద్దుకు అటు వెదకబడి, ఇటు పడియుండును.